మన డీఎన్‌ఏలో దూకే ముక్కలు: వాటిని ఎలా పట్టుకుంటారు? మనకెందుకు పట్టాలి?

2001లో ‘జీనోమ్ రీసెర్చ్’ అనే శాస్త్ర పత్రికలో ఒక పరిశోధన అచ్చయింది. విశాఖపట్నం జిల్లాలోని ఎనిమిది తెలుగు కులాలకు చెందిన 265 మంది మగవాళ్ల డీఎన్‌ఏను అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం, మన ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు కలిసి పరిశీలించారు. ఆ కులాలు బ్రాహ్మణ, క్షత్రియ, వైశ్య, కాపు, యాదవ, రెల్లి, మాల, మాదిగ. ‘పై కులాలు’ యూరప్ వాళ్లకు ఎక్కువ దగ్గరగా, ‘కింది కులాలు’ ఆసియా వాళ్లకు ఎక్కువ దగ్గరగా ఉన్నాయని ఆ వ్యాసం చెప్పింది. కులం రక్తంలోనే ఉందని కొందరు దాన్ని పట్టుకుని ఊరేగారు. బ్రాహ్మణులు విదేశీయులని రుజువైపోయిందని మనవాళ్లలో కొందరు ఊరేగారు. ఆ రెండు ఊరేగింపులూ ఇప్పటికీ ఆగలేదు.

ఆ పరిశోధన వేటి మీద నిలబడిందో మాత్రం చాలామంది చూడలేదు. తల్లి నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ, తండ్రి నుంచి కొడుక్కి వచ్చే వై క్రోమోజోమ్‌తో పాటు, తల్లిదండ్రులిద్దరి నుంచీ వచ్చే 40 చోట్లను కూడా అందులో పరిశీలించారు. ఆ 40లో 39 ‘ఆల్యూ’ అనే ముక్కలు, ఒకటి ‘ఎల్1’ అనే ముక్క. వీటినే దూకే జన్యువులు, చలించే డీఎన్‌ఏ ముక్కలు అంటారు. మాల, మాదిగ, రెల్లి అన్నదమ్ముల రక్తం మీద జరిగిన ఆ పని ఏమిటో మన విద్యార్థులకు, కార్యకర్తలకు తెలిసి ఉండాలన్నది మా ఉద్దేశం. అందుకే ఈ వ్యాసం.

దూకే ముక్కలంటే ఏమిటి?

మనిషి జీనోమ్ అంటే సుమారు 300 కోట్ల అక్షరాల రాత. అక్షరాలు నాలుగే: ఎ, టి, జి, సి. ఇందులో ప్రోటీన్లను తయారుచేసే సూచనలు రెండు శాతం కూడా ఉండవు. దాదాపు సగం మాత్రం ఎప్పుడో ఒకప్పుడు ఒక చోటి నుంచి మరో చోటికి దూకిన ముక్కలూ, వాటి అవశేషాలే.

ఇలాంటి ముక్కలు ఉంటాయని మొదట కనిపెట్టింది బార్బరా మెక్‌క్లింటాక్. 1940లలో మొక్కజొన్న గింజల మీద రంగుల మచ్చలు ఎందుకు మారుతున్నాయో చూస్తూ ఆమె ఈ సంగతి పట్టుకుంది. తోటి శాస్త్రవేత్తలు చాలాకాలం పట్టించుకోలేదు. 1983లో గానీ ఆమెకు నోబెల్ బహుమతి రాలేదు.

మనుషుల్లో ఇప్పటికీ దూకుతున్నవి ముఖ్యంగా మూడు రకాలు. ఎల్1 పూర్తి నిడివి సుమారు 6,000 అక్షరాలు. మన జీనోమ్‌లో దీని నకళ్లు దాదాపు ఐదు లక్షలు. వాటిలో ఎక్కువ భాగం విరిగిపోయి చచ్చుపడినవే, దూకే శక్తి ఉన్నవి ఒక మనిషిలో 80 నుంచి 100 దాకా ఉంటాయని అంచనా. రెండోది ఆల్యూ, సుమారు 300 అక్షరాలు. దీని నకళ్లు పది లక్షలకు పైనే. వంటింటి ఆలూకీ దీనికీ సంబంధం లేదు, దీన్ని గుర్తించడానికి వాడిన ఒక ఎంజైమ్ పేరే దీనికి వచ్చింది. మూడోది ఎస్‌వీఏ, నకళ్లు కొన్ని వేలే గానీ రోగాలు తేవడంలో దీని వాటా చిన్నది కాదు.

ఇవి దూకడమంటే ఉన్న చోటు వదిలిపోవడం కాదు. ఎల్1 తన నకలును ముందు ఆర్‌ఎన్‌ఏగా రాయించుకుంటుంది. ఆ ఆర్‌ఎన్‌ఏను తిరిగి డీఎన్‌ఏగా మార్చే ఎంజైమ్‌ను తానే తయారుచేసుకుంటుంది. వేరే చోట డీఎన్‌ఏ పోగును కోసి, అక్కడ కొత్త నకలును అతికిస్తుంది. పాతది ఉన్నచోటే ఉంటుంది, కొత్తది అదనంగా చేరుతుంది. ఆల్యూకు, ఎస్‌వీఏకు సొంత పనిముట్లు లేవు. ఎల్1 పనిముట్లనే వాడుకుంటాయి. అండంలోనో, వీర్యకణంలోనో, పిండం తొలి దశలోనో ఇది జరిగితే ఆ కొత్త ముక్క పుట్టే బిడ్డకు వస్తుంది, ఆ బిడ్డ నుంచి తర్వాతి తరాలకు పోతుంది. కొన్ని పదుల కాన్పులకు ఒక కొత్త ఆల్యూ చొప్పున చేరుతుందని లెక్క.

ఒకరిలో ఉండి మరొకరిలో లేని ముక్కలు అందుకే ఉంటాయి. ఆ తేడానే పరిశోధకులు వెతుకుతారు. ఒక ఆల్యూ సరిగ్గా ఒకే చోట, ఇద్దరు మనుషుల్లో, విడివిడిగా దూరడం దాదాపు జరగదు. అందువల్ల ఒకే చోట ఒకే ఆల్యూ ఇద్దరిలోనూ కనిపిస్తే, అది వాళ్ల ఉమ్మడి పూర్వీకుడి నుంచో పూర్వీకురాలి నుంచో వచ్చిందని నమ్మకంగా చెప్పొచ్చు.

పాత పద్ధతి: తెలిసిన చోటే వెతకడం

2001 పరిశోధన నాటికి ఒక మనిషి జీనోమ్ మొత్తం చదవడం అందరికీ అందే పని కాదు. తేడా ఉందని ముందే తెలిసిన కొన్ని చోట్లను మాత్రమే పీసీఆర్‌తో పెంచి చూసేవారు. బయోటెక్నాలజీ చదివే మన పిల్లలు కాలేజీ ల్యాబులో ‘పీవీ92’ పరీక్ష చేసే ఉంటారు. 16వ క్రోమోజోమ్ మీద ఆ చోట ఆల్యూ ఉంటే జెల్ మీద గీత పైన, సుమారు 730 అక్షరాల దగ్గర ఆగుతుంది. లేకపోతే కిందికి, 416 దగ్గరికి జారుతుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వేరువేరుగా వస్తే రెండు గీతలూ కనిపిస్తాయి.

పద్ధతి చవక, ఫలితం నికరం. కానీ తెలిసిన చోటే వెతుకుతాం. ఆ తెలిసిన చోట్లు ఎవరి డీఎన్‌ఏలో దొరికినవి అన్నది అసలు ప్రశ్న. యూరప్ వాళ్లలో దొరికిన తేడాల జాబితాతో మాదిగవాడలో వెతికితే, మాదిగల్లో మాత్రమే ఉన్న తేడా ఎన్నటికీ కనపడదు.

కొత్త పద్ధతి: మొత్తం చదవడం

ఇప్పుడు జీనోమ్ మొత్తాన్ని సీక్వెన్సింగ్ చేస్తున్నారు. అయితే యంత్రం మొదటి నుంచి చివరిదాకా ఏకబిగిన చదవదు. ఎక్కువగా వాడే యంత్రాలు డీఎన్‌ఏను కొన్ని వందల అక్షరాల తునకలుగా చేసి, ఒక్కో తునకను రెండు కొసల నుంచీ 150 అక్షరాల చొప్పున చదువుతాయి. ఇలాంటి కోట్ల తునకలను ముందే ఉన్న ఒక నమూనా జీనోమ్ పక్కన పెట్టి, ఏది ఎక్కడిదో కంప్యూటర్ పోల్చి చూస్తుంది. ఒక్కో చోటును సగటున 30 సార్లు చదివితే మంచి సీక్వెన్సింగ్ అంటారు.

దూకే ముక్కల దగ్గరే చిక్కు వస్తుంది. ఒక పెద్ద పాటల పుస్తకం ఉందనుకుందాం. అందులో ఒకే పల్లవి పది లక్షల చోట్ల వస్తుంది. చరణాలు మాత్రం దేనికది వేరు. ఆ పుస్తకాన్ని చిన్న చిన్న చీటీలుగా చింపి కుప్ప పోశాం. ఒక చీటీ మీద చరణం ఉంటే అది ఏ పేజీదో చెప్పొచ్చు. పల్లవి మాత్రమే ఉంటే చెప్పలేం. ఇక ఈ పుస్తకం ప్రతిలో ఎవరో ఒక కొత్త చోట పల్లవిని అదనంగా రాశారనుకోండి, దాన్ని కనిపెట్టడం ఎలా?

మూడు ఆనవాళ్లున్నాయి.

ఒకటి, జంట చదువులు. చీటీ ఒక కొసన మనకు తెలిసిన చరణం, రెండో కొసన పల్లవి. నమూనా పుస్తకంలో ఆ చరణం దగ్గర పల్లవి లేదు. అలాంటి చీటీలు ఒకే చోటు చుట్టూ పది, పదిహేను పోగుపడితే అక్కడ కొత్త పల్లవి చేరిందని అనుమానించాలి.

రెండు, చీలిన చదువులు. ఒకే చదువులో సగం చరణం, సగం పల్లవి. ముక్క సరిగ్గా ఏ అక్షరం దగ్గర అతికిందో దీనివల్ల తెలుస్తుంది.

మూడు, అతుకు గుర్తులు. ఎల్1 పనిముట్లు డీఎన్‌ఏ రెండు పోగులను ఒకే చోట కాకుండా కాస్త ఎడంగా కోస్తాయి. తర్వాత ఆ ఖాళీ పూడినప్పుడు అక్కడి అక్షరాలు, మామూలుగా 7 నుంచి 20 దాకా, కొత్త ముక్కకు రెండు వైపులా రెండుసార్లు కనిపిస్తాయి. ముక్క చివర వరుసగా ఎ, ఎ, ఎ అంటూ ఒక తోక ఉంటుంది. ఈ రెండూ ఉంటే అది నిజంగా దూకి వచ్చిన ముక్కే. లేకపోతే తునకలు తయారుచేసేటప్పుడు ల్యాబులో రెండు వేరువేరు ముక్కలు పొరపాటున అతుక్కుని ఉండొచ్చు.

ఈ మూడింటినీ కలిపి లెక్క చూసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. వాటిలో ఎక్కువగా వాడేది 2017లో వచ్చిన ‘మెల్ట్’. వేలమంది జీనోమ్‌లలో ఒక్కో ముక్క ఎవరికి రెండు నకళ్లుగా, ఎవరికి ఒకటిగా ఉంది, ఎవరికి అసలు లేదు అన్నది ఇది చెబుతుంది.

దీనికీ హద్దుంది. పల్లవి లోపల ఇంకో పల్లవి దూరితే 150 అక్షరాల చీటీలతో తేలదు. అందుకే పొడుగు చదువుల యంత్రాలు వచ్చాయి. ఇవి ఒక్కో తునకను పది వేల అక్షరాలకు పైగా ఏకంగా చదువుతాయి. 6,000 అక్షరాల ఎల్1 మొత్తం, దానికి అటూ ఇటూ ఉన్న చరణాలతో సహా ఒకే చదువులో దొరుకుతుంది. ఖర్చు ఇంకా ఎక్కువే. 2022లో మనిషి జీనోమ్‌ను ఖాళీలు లేకుండా పూర్తిగా చదవగలిగింది ఈ యంత్రాల వల్లే.

ఎవరి పుస్తకంతో పోలుస్తున్నారు?

నమూనా జీనోమ్ అనగానే అది మానవజాతి అంతటిదీ అనుకుంటాం. ఇన్నేళ్లుగా వాడుతున్న నమూనాలో దాదాపు 70 శాతం అమెరికాలోని బఫెలో నగరంలో డీఎన్‌ఏ ఇచ్చిన ఒకే ఒక్క మనిషిది. ఆ మనిషిలో ఉన్న ఆల్యూ మీలో లేకపోతే కంప్యూటర్ మీలో డీఎన్‌ఏ ‘తొలగింది’ అని రాస్తుంది. నిజానికి మీలో ఏదీ పోలేదు, ఆయన పూర్వీకుల్లో ఒకటి చేరింది. దేన్ని మామూలుగా పెట్టుకుంటామో దాన్ని బట్టి ఎదుటివాడు లోపమున్నవాడిగా కనిపిస్తాడు. ఈ మాట దళితులకు ఎవరో వచ్చి నేర్పనక్కర్లేదు.

1000 జీనోమ్స్ ప్రాజెక్టు ఈ లోటును కొంత పూడ్చింది. 2015లో ముగిసిన దాని చివరి దశలో 26 జనసమూహాల నుంచి 2,504 మందిని చదివారు. వాళ్లలో బ్రిటన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లు 102 మంది ఉన్నారు. అందరిలో కలిపి దొరికిన దూకే ముక్కల తేడాలు 16,631. అందులో ఆల్యూ 12,748, ఎల్1 3,048, ఎస్‌వీఏ 835. ఒక మనిషి జీనోమ్‌లో సగటున 900 పైచిలుకు ఆల్యూ, 128 ఎల్1, 51 ఎస్‌వీఏ తేడాలున్నాయని తేలింది. 2001లో 40 చోట్లతో మొదలైన లెక్క ఇక్కడిదాకా వచ్చింది.

కానీ ఆ 102 మంది తెలుగువాళ్లు ఎవరు? బ్రిటన్ దాకా వెళ్లగలిగిన కుటుంబాలవాళ్లు. ‘తెలుగు’ అన్న ఒక్క మాట కింద వందల కులాలున్న సమాజాన్ని వాళ్ల ద్వారా చూస్తే వాడలు, తండాలు, గూడేలు ఎంతవరకు కనిపిస్తాయో మనం ఊహించుకోవచ్చు.

ఆసుపత్రిలో దీని విలువ

1988లో అమెరికాలో హీమోఫీలియా రోగులు 240 మందిని పరీక్షించారు. ఇద్దరిలో రక్తం గడ్డకట్టించే జన్యువు మధ్యలో ఎల్1 ముక్క దూరి ఉంది. దూకే ముక్క మనిషికి రోగం తెస్తుందని తేలింది అప్పుడే.

పోర్చుగల్‌లో రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే ఒక మార్పు ఉంది. బీఆర్‌సీఏ2 జన్యువులో ఒక ఆల్యూ దూరడం వల్ల వచ్చింది. ఎన్నో తరాల కింద ఒక పూర్వీకుల నుంచి చాలా కుటుంబాలకు పాకింది. మామూలు జన్యు పరీక్షల్లో అది తప్పిపోయేది. ఆ మార్పు ఉన్న స్త్రీకి ‘మీకేం లేదు’ అని కాగితం చేతికొచ్చేది. దానికోసమే ప్రత్యేకంగా పరీక్ష పెట్టాక గానీ బయటపడలేదు.

అమెరికాలోనే ఒక చిన్నపాపకు మెదడును తినేసే బ్యాటెన్ రోగం వచ్చింది. రెండు మార్పులుంటేనే వచ్చే రోగమది. మామూలు పరీక్షలో ఒకటే దొరికింది. జీనోమ్ మొత్తం చదివితే రెండోది ఒక ఎస్‌వీఏ ముక్క అని తేలింది. ఆ పాప ఒక్కదాని కోసమే ‘మిలాసెన్’ అనే మందును ఏడాదిలో తయారుచేశారు. కొన్ని లక్షణాలు తగ్గాయి గానీ పాపను చివరిదాకా కాపాడలేకపోయారు. అయినా ఆ ముక్కను పట్టుకోగలిగారు కాబట్టే అంతవరకైనా వెళ్లగలిగారు. మన బస్తీల్లో పేరు తెలియని రోగంతో పోతున్న పిల్లలకు ఆ మొదటి మెట్టు కూడా లేదు.

కులం జీనోమ్‌లో ఎలా కనిపిస్తుంది?

1916లో కొలంబియా విశ్వవిద్యాలయంలో బాబాసాహెబ్ అంబేద్కర్ సమర్పించిన పత్రంలో అసలు సూత్రం ఉంది. కులానికి ప్రాణం సొంత కులంలోనే పెళ్లి అన్న కట్టడి అని ఆయన చెప్పారు. నూరేళ్ల తర్వాత జీనోమ్ లెక్కలు అదే మాట చెబుతున్నాయి.

హైదరాబాద్ సీసీఎంబీ, హార్వర్డ్ శాస్త్రవేత్తలు 2009లో, 2013లో ప్రచురించిన పరిశోధనల ప్రకారం నేటి భారతీయుల్లో దాదాపు అన్ని సమూహాలూ రెండు ప్రాచీన వంశధారల కలయిక. సుమారు 4,200 నుంచి 1,900 సంవత్సరాల కిందటి దాకా ఆ కలయిక విస్తారంగా సాగింది. తర్వాత అది ఆగింది, కులాలు తమలో తాము మూసుకుపోయాయి. 2009 నాటి నమూనాల్లో మాల, మాదిగ, చెంచు, వెలమ, వైశ్యులు కూడా ఉన్నారు. కల్తీలేని రక్తం అన్నది ఏ కులానికీ లేదు. ఉన్నదల్లా తర్వాత కట్టిన గోడ.

గోడ లోపల ఏమవుతుంది? కొద్దిమంది పూర్వీకులతో మొదలైన గుంపు తరతరాలుగా తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటే, వాళ్లలో ఒకరికి ఉన్న అరుదైన మార్పు చాలామందికి పాకుతుంది. 2017లో దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే 81 సమూహాల్లో ఇది ఫిన్లాండ్ వాసులు, అష్కెనాజీ యూదుల కంటే ఎక్కువగా కనిపించింది. ఆంధ్ర వైశ్యుల్లో మత్తు ఇచ్చేటప్పుడు వాడే ఒక మందు శరీరంలో త్వరగా విరగక, ఊపిరి తిరిగి రావడం ఆలస్యమయ్యే సమస్య తెలిసిందే. దూకే ముక్కలకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. జపాన్‌లో ఫుకుయామా కండరాల క్షీణత రోగానికి ఒక పూర్వీకుడిలో దూరిన ఎస్‌వీఏ ముక్కే ముఖ్య కారణం. మన ప్రతి కులంలోనూ, ప్రతి తెగలోనూ ఇలాంటివి ఉండే అవకాశముంది. వెతికితేనే దొరుకుతాయి.

ఈ గోడ తనంతట తాను నిలబడలేదు. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ను నరికింది ఈ గోడ కోసమే. జీనోమ్‌లో కనిపించే గీతల వెనక కత్తులున్నాయని శాస్త్రవేత్తల పట్టికలు చెప్పవు, మనం చెప్పాలి.

40 ముక్కలు ఏం చెప్పాయి, ఏం చెప్పలేదు

ఇప్పుడు 2001 దగ్గరికి తిరిగి వద్దాం. ఆ పరిశోధన కొలిచింది సగటులను. ఒక ఆల్యూ ఒక కులంలో నూటికి 60 మందిలో, ఇంకో కులంలో 50 మందిలో ఉందనుకుందాం. సగటు తేడా కనిపిస్తుంది. కానీ ఆ ముక్క ఉన్న మనిషిని తెచ్చి ఇతనిది ఏ కులం అంటే ఎవరూ చెప్పలేరు. ప్రపంచవ్యాప్తంగా ఆల్యూ తేడాల్లో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు ఒకే జనసమూహం లోపలి మనుషుల మధ్యే ఉన్నాయి. మాదిగ జన్యువు లేదు, బ్రాహ్మణ జన్యువు లేదు. ఏ దూకే ముక్కా అంటరానితనాన్ని మోసుకు రాలేదు.

పశ్చిమం నుంచి వచ్చినవారి వారసత్వం అన్ని కులాల్లోనూ ఉంది, పాళ్లు మాత్రమే వేరు. కాబట్టి ‘వాళ్లు విదేశీయులు, మనం మూలవాసులం’ అనే వాదానికి డీఎన్‌ఏను సాక్ష్యం తెచ్చుకోవడం మనకే నష్టం. అంబేద్కర్ 1948లో ‘అంటరానివారు’ గ్రంథంలో ముక్కు కొలతల లెక్కలనే తీసుకుని, అంటరానితనానికి జాతి భేదం మూలమన్న వాదాన్ని కొట్టేశారు. రక్తం పేరు చెప్పి మనల్ని కిందికి తొక్కినవాళ్ల ఆయుధాన్నే మనం ఎత్తుకోవద్దని అందులో మనకు పాఠం. మన హక్కు మనుషులం కావడం వల్ల వచ్చింది, ముందు వచ్చినవాళ్లం కావడం వల్ల కాదు.

రక్తం మనది, సమాచారం ఎవరిది?

అమెరికాలో హవాసుపాయ్ ఆదివాసులు మధుమేహ పరిశోధన కోసమని 1990లలో రక్తం ఇచ్చారు. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో ఆ రక్తాన్ని మానసిక రోగాల మీద, తెగ వలసల మీద అధ్యయనాలకూ వాడారు. ఆ జాతి కోర్టుకు వెళ్లింది. 2010లో విశ్వవిద్యాలయం ఏడు లక్షల డాలర్లు చెల్లించి, మిగిలిన నమూనాలు తిరిగి ఇచ్చింది.

మన దేశంలో 2020లో మొదలైన జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 83 జనసమూహాల నుంచి దాదాపు పది వేల జీనోమ్‌లు చదివింది. 2025 జనవరిలో ఆ సమాచారాన్ని పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చారు. ఇది అవసరమైన పనే. మనం లెక్కలో లేకపోతే మన రోగాలూ లెక్కలో ఉండవు. అదే సమయంలో జాగ్రత్తా కావాలి. డీఎన్‌ఏ సాంకేతికత బిల్లును పరిశీలించిన పార్లమెంటు స్థాయీ సంఘం 2021లో ఆ సమాచారం కులం, మతం పేరుతో దుర్వినియోగం కావచ్చన్న భయాన్ని నమోదు చేసింది. 2023లో ఆ బిల్లును వెనక్కి తీసుకున్నారు. తమిళనాడులోని వేంగైవాయల్‌లో దళితుల మంచినీళ్ల ట్యాంకులో మలం కలిపిన కేసులో, డీఎన్‌ఏ పరీక్షకు బాధిత దళితులనే పిలవడం మీద నిరసన వచ్చిన సంగతీ మరిచిపోకూడదు.

అందుకని మన ఊరికి, మన హాస్టల్‌కు రక్త నమూనాల కోసం ఎవరైనా వస్తే కొన్ని ప్రశ్నలు అడగాలి. అంగీకార పత్రం తెలుగులో ఉందా, చదువురాని వాళ్లకు విప్పి చెప్పారా? ఈ రక్తాన్ని రేపు వేరే పనికి వాడాలంటే మళ్లీ అడుగుతారా? రోగం సంగతి ఏదైనా బయటపడితే మాకు చెబుతారా, వైద్యం ఎక్కడ దొరుకుతుంది? వ్యాసంలో మా కులాన్ని ‘కింది కులం’ అని రాస్తారా? నిర్ణయాలు తీసుకునే కమిటీలో మావాళ్లెవరైనా ఉన్నారా? అక్షరాల చిన్న మార్పులే చూస్తారా, దూకే ముక్కలనూ వెతుకుతారా?

విద్యార్థి మిత్రులకు ఒక మాట. 1000 జీనోమ్స్ సమాచారం ఉచితం. ఆ 102 మంది తెలుగువాళ్ల జీనోమ్‌లు కూడా అందులో ఉన్నాయి, వాటిని 30 సార్ల లోతుతో మళ్లీ చదివి పెట్టారు. మెల్ట్ వంటి సాఫ్ట్‌వేర్లను విద్యార్థులు పరిశోధనకు వాడుకోవచ్చు. మంచి కంప్యూటరు, ఓపిక, దారి చూపే ఒక గురువు ఉంటే మన పిల్లలు ఈ పని నేర్చుకోగలరు. పాతికేళ్ల కింద మనం రక్తం ఇచ్చి ఊరుకున్నాం. లెక్క వేసింది వేరేవాళ్లు, పేరు పెట్టింది వేరేవాళ్లు, అర్థం చెప్పింది వేరేవాళ్లు. ఈసారి లెక్క వేసే కుర్చీలో మన పిల్లలు కూర్చోవాలి.

జై భీమ్.